మద్దిచెట్ల కొలత

వానలు మొహం చాటేసిన రెండువేల రెండులో, కనక రెండోసారి చెట్లు కొలిచింది. ఆ పని ఇచ్చిన శివకుమార్, చెట్లు ఎంత గాలి తింటాయో లెక్కకట్టే ఉద్యోగం మీద విశాఖపట్నం నుంచి హుకుంపేట వచ్చేవాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడును ఆకులు పీల్చుకుని, నీళ్లతో, ఎండతో మానుగా మార్చుకుంటాయని చెప్పాడు. నిరుడు కొండ మీద ముప్ఫై మద్దిచెట్లకు గుండె ఎత్తున తెల్లగీతలు గీసి, టేపూ పుస్తకమూ ఆమెకిచ్చాడు.

మొదటి చెట్టుకు టేపు చుట్టింది. నిరుటి అంకే. రెండోదీ అంతే. విప్పి మళ్లీ చుట్టినా మారలేదు. కొండెక్కకుండానే పాత అంకెలు ఎక్కించాననుకుంటాడేమో! పదకొండు చెట్లకు ఒక్కో సెంటీమీటరు కలిపేసింది. పన్నెండో దాని దగ్గర చెయ్యి ఆడలేదు. మిగతావి ఉన్నదున్నట్టే రాసింది.

ఆనాటి నుంచి ఆమెకు కుదురు లేదు. సామలు దంచుతూ రోకలి ఆపేసేది. రెండుసార్లు ఊరికే కొండెక్కి వచ్చింది.

"ఏటే, అన్నం ముందర కూకోని ఎటో సూత్తన్నావు?" అన్నాడు మొగుడు ఫల్గుణ.

శివకుమార్ వచ్చి పుస్తకం పట్టుకెళ్లాడు. కాసేపటికే కనక జీపులు ఆగే సంత దాకా పరుగెత్తింది. అతను అప్పటికే జీపులో కూర్చున్నాడు.

"బాబూ, దిగు. సెట్లు పెరగనేదు. నువ్వు నమ్మవని నానే పెంచి రాసీసినాను."

అతని మొహం ఎర్రబడింది. "ఎన్ని?"

"పదకొండు."

"బేగి తేల్చండి సార్, జీపు నిండిపోనాది," అన్నాడు డ్రైవరు.

శివకుమార్ సంచి తీసుకుని దిగిపోయాడు.

"వాన లేకపోతే ఉన్న తడి పోకుండా ఆకులు నోళ్లు మూసుకుంటాయి కనకా. అప్పుడు గాలీ లోపలికి పోదు, మాను పెరగదు. ఆ పాత అంకే నాకు కావాల్సింది."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదా!" ఆమె గొంతు పెరిగింది. "పది రోజులై తిండి సయించనేదు నాకు."

"చెప్పాల్సింది," అన్నాడతను, తలొంచుకుని.

ఇద్దరూ కొండెక్కారు. అతను టేపు చుడుతుంటే ఆమె తప్పుడు అంకెలు కొట్టేసి అసలువి రాసింది.

పదకొండో మానును తడిమి అడిగింది: "నోరు మూసుకుంటే దీనికి ఆకలెయ్యదేటి?"

"దాచుకున్నది తింటుంది."

"ఎన్నాళ్లు?"

"తెలీదు. వచ్చే ఏడు కొలవాలి."

అతను దిగబోయాడు. కనక మాత్రం అతని చేతిలోని టేపు తీసుకుని పన్నెండో చెట్టు వైపు నడిచింది.

"అవి సరిగ్గానే రాశావుగా?"

"అయినా సూత్తాను," అంది.