పిచ్చుక పేరున్న బటన్

పెద్దమ్మ బాల్కనీలో చిక్కుకుపోయిన రోజున ఆమె చేతిలో ఫోను ఉంది. అయినా ఎవరికీ ఫోన్ చేయలేకపోయింది. ఆరేసిన బట్టలు తీద్దామని వెళ్ళినప్పుడు గాలి విసురుకు వెనకాల తలుపు మూసుకుపోయి, గొళ్ళెం దానంతటదే బిగుసుకుంది. ఫోను తెరిస్తే చుక్కలు కనిపించాయి. వాటిని ఏ వరసలో కలపాలో ఆవిడకు గుర్తు రాలేదు. ఎండలో నిలబడి, తెర నల్లబడిపోయిన ఆ ఫోన్నే చెవికి ఆనించుకుని, "పిచ్చుకా, తలుపు తియ్యవే" అని అరుస్తూ ఉండిపోయింది. కింది వాటాలో బట్టలు కుట్టే టైలరమ్మ ఆ కేకలు విని, తన దగ్గరున్న రెండో తాళంచెవితో ఇంట్లోకి వచ్చి ఆ గొళ్ళెం తీసింది.

ఆ సమయానికి పిచ్చుక ల్యాబ్‌లో రక్తం సీసాలకు చీటీలు అంటిస్తోంది. అక్కడ అందరూ ఆమెను మేడమ్ అంటారు. పిచ్చుక అనే పేరు పెద్దమ్మ పెట్టింది, పుట్టినప్పుడు మరీ బక్కగా ఉందని. తల్లి పోయాక పెంచిందీ ఆవిడే. మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పిన నాడే పిచ్చుక పెద్దమ్మను తన ఇంటికి తెచ్చుకుంది. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు, పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు. పగలంతా పెద్దమ్మ ఒక్కతే.

"ఆ ఫోన్ మార్చెయ్. దాన్ని చూస్తే నాకే భయం, ఆవిడకెందుకుండదు?" అన్నాడు భర్త.

సెలవు రోజున పెద్దమ్మను వెంటబెట్టుకుని ఫోన్ల దుకాణానికి వెళ్ళింది పిచ్చుక. ముసలివాళ్ళకు తేలికగా ఉండేది కావాలని అడిగితే, దుకాణదారు పెద్ద పెద్ద అంకెలున్న ఫోనొకటి తీశాడు. పెద్దమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, లెక్కలు చేసుకునేదనుకుని, "నాకెందుకయ్యా, నోటితోనే చేస్తాను" అంది. ఇంకోటి తీశాడు. అందులో అంకెల బదులు ఫోటోలు పెట్టుకోవచ్చు. నమూనాకు పిచ్చుక ఫోటో ఎక్కించి చూపించాడు.

"ఈ బొమ్మ నొక్కితే చాలమ్మా, ఈవిడకి ఫోన్ వెళ్ళిపోతుంది."

"ఈవిడెవరు?"

పిచ్చుక ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నేనే పెద్దమ్మా."

"నువ్వు సరే. ఈ లావాటావిడెవరు?"

దుకాణదారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. పిచ్చుక కూడా నవ్వింది.

ఈలోగా పెద్దమ్మ బల్ల చివరికి నడిచి, అక్కడున్న వైరు ఫోను రిసీవరు తీసి చెవిన పెట్టుకుంది. వెన్ను నిటారుగా అయింది.

"నమస్కారం, స్కూలాఫీసు. చెప్పండి."

పెద్దమ్మ ఒకప్పుడు హైస్కూలు ఆఫీసులో గుమాస్తా. దుకాణదారు తడుముకోకుండా, "హెడ్మాస్టరు గారున్నారాండీ?" అన్నాడు.

"క్లాసులో ఉన్నారు. ఏం చెప్పమంటారు?"

పిచ్చుక ఇక వేరేవి చూడలేదు. ఆ ఫోన్‌కి అంకెలతో పాటు మూడు వెడల్పాటి బటన్లున్నాయి, నొక్కితే నేరుగా నంబరు కలుస్తుంది. వైరుంది కాబట్టి ఫ్రిజ్‌లోకీ, మాసిన బట్టల బుట్టలోకీ పోయే వీలు లేదు. పెద్దమ్మకు చదవడం ఇంకా పోలేదు. అందుకని ఫోటోల జోలికి పోకుండా, ముదురు సిరాతో పేర్లు రాసి బటన్ల మీద అంటించింది: పిచ్చుక, అల్లుడు, టైలరమ్మ.

మర్నాడే ల్యాబ్‌లో ఆమె కోటు జేబు మోగింది.

"ఎక్కడున్నావే?"

"ల్యాబ్‌లో పెద్దమ్మా. సాయంత్రం వస్తాను."

"అయితే సరే."

కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే "అయితే సరే". చేతి తొడుగులు తీయడం, మాట్లాడటం, కొత్తవి వేసుకోవడం. మొదట్లో పిచ్చుకకు ప్రాణం విసిగిపోయేది. పోనుపోనూ ఆ మోత లేకపోతేనే ఏదోలా ఉండేది. మోగిందంటే పెద్దమ్మ ఇంట్లో ఉంది, కుర్చీలో ఉంది, బాగుంది.

ఒకరోజు ఫోన్ మోగలేదు.

టీ వేళ దాటినా మోగలేదు. తనే చేస్తే లైను బిజీ. టైలరమ్మకు చేసిందేమో అనుకుని కొంచెం ఆగింది. మళ్ళీ బిజీ. టైలరమ్మకు చేస్తే, "నేను దారాలు కొనడానికి బజారొచ్చానమ్మా, నాకేం ఫోన్ రాలేదే" అంది. భర్తేమో ఊరవతల సరుకు దింపుతున్నాడు. చేతిలో ఉన్న సీసా మీద ఎవరి పేరు ఉందో రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. అది గమనించిన పెద్ద టెక్నీషియను ఆ సీసాను మెల్లగా తీసుకున్నాడు.

"మేడమ్, మీరు వెళ్ళండి. ఇక్కడ నేను చూసుకుంటాను. ఈ కంగారులో మీరు ఏదో ఒకటి తారుమారు చేస్తారు."

ఆటోలో కూర్చుని మళ్ళీ మళ్ళీ నొక్కింది. బిజీ. రిసీవరు చేతిలో పట్టుకునే పడిపోయిందా? వైరు మెడకు చుట్టుకుందా? లేక ఎవరో తలుపు కొట్టి లోపలికొచ్చారా? ముందు లారీ ఒకటి వెనక్కి తిరగడానికి నానా తంటాలు పడుతోంది. "కొంచెం తొందరగా పోనివ్వండి" అంది. "ఎగరమంటారా అమ్మా?" అన్నాడు ఆటో అతను, కానీ అద్దంలో ఆమె ముఖం చూశాక నోరు మూసుకుని పక్క సందులోకి తిప్పాడు.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. తాళం తీసి లోపలికి దూసుకెళ్ళింది.

హాల్లో చీకటి. తెరలన్నీ వేసి ఉన్నాయి. ఫోను పక్కన రిసీవరు తువ్వాలులో చుట్టి పెట్టి ఉంది. "పెద్దమ్మా!" అని కేకేసింది. లోపలి గదిలోంచి కోపంగా "ష్..." అని వినిపించింది.

పెద్దమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. పక్క మీద దిండు, దాని మీద నిండుగా కప్పిన దుప్పటి. ఒక చేత్తో జో కొడుతూ, రెండో చేతి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ఇప్పుడే కన్నంటుకుంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడి లేస్తుందని తీసి పక్కన పెట్టాను."

"ఎవరు?"

"మా పిచ్చుక. ఒళ్ళు కాలిపోతోంది. తల్లి లేని పిల్ల, నా ప్రాణాలు తోడేస్తోంది." అప్పుడామె కళ్ళు పిచ్చుక ఒంటి మీది తెల్లకోటు మీద పడ్డాయి. హడావిడిలో విప్పడం మరిచిపోయింది. పెద్దమ్మ చటుక్కున దిండు మీదికి ఒరిగి చేతులు అడ్డం పెట్టింది. "మీరు ల్యాబ్ నుంచి వచ్చారా? రక్తం తియ్యొద్దండీ. ఇంత బక్క పిల్ల, దీని ఒంట్లో ఏముందని తీస్తారు?"

తనెవరో చెప్పడానికి పిచ్చుక నోరు తెరిచింది. ఆ ముసలి కళ్ళలోని భయం చూశాక చెప్పలేకపోయింది. కోటు విప్పి తలుపు అవతల పడేసి, నేల మీద కూర్చుంది.

"తియ్యనులెండి. జ్వరం తగ్గిపోతుంది."

"తగ్గుతుందంటారా?"

"తప్పకుండా. మీరు దగ్గరున్నారు కదా."

పెద్దమ్మ నెమ్మదించి మళ్ళీ జో కొట్టసాగింది. పిచ్చుక అక్కడే కూర్చుంది. పెద్దమ్మకు కునుకు పట్టాక హాల్లోకి వచ్చి, తువ్వాలు విప్పి, రిసీవరు దాని చోట పెట్టింది. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆ వారంలోనే మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. ఎత్తకపోయినా దానంతటదే కలిసి, అవతలి మాట పైకి వినిపించే ఫోను ఉందన్నాడు దుకాణదారు. తెచ్చి, ఇంట్లోనే పరీక్ష చేసింది. మేడ మెట్ల మీద నిలబడి ఫోన్ చేసి, "పెద్దమ్మా, బాగున్నావా?" అంది. తలుపు సందులోంచి చూస్తే పెద్దమ్మ హడలిపోయి బల్ల కింద వెతుకుతోంది. "ఎక్కడ పడ్డావే తల్లీ?" అంటూ మోకాళ్ళ మీదికి దిగిపోయింది. ఆ ఫోను ఆ సాయంత్రమే వెనక్కి వెళ్ళింది.

"ఇంక ఏ ఫోన్ కొనాలో నాకు తెలియట్లేదు" అని టైలరమ్మ దగ్గర బయటపడింది పిచ్చుక.

టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "నా గదిలో మధ్యాహ్నానికే వెలుతురు చాలదు. నా మెషిను మీ హాల్లో పెట్టుకోనా?" అంది.

"ఆ చప్పుడుకి పిల్ల లేస్తుందంటుంది."

"అంటే ఆపేస్తా. ఆ కాసేపు కాజాలు కుట్టుకుంటా."

అలా మెషిను మేడ మీదికి వచ్చింది. వైరు ఫోన్‌కి మోత తగ్గించి, మోగినప్పుడు దీపం వెలిగేలా పెట్టారు. పిచ్చుక పనికి వెళ్తోంది కానీ, దిగులు మాత్రం పూర్తిగా వదల్లేదు. పెద్దమ్మ ఫోన్లు తగ్గుతున్నాయి. బటన్ మీది పేరు ఎప్పటిదాకా చదవగలదో డాక్టరూ చెప్పలేకపోయాడు.

మొన్నొక పొద్దున జేబు మోగింది. ఎత్తితే అవతల మాట లేదు.

"పెద్దమ్మా, నేనే. ల్యాబ్‌లో ఉన్నాను."

 ఊపిరి వినిపిస్తోంది, వెనక కుట్టుమెషిను ఆగి ఆగి నడుస్తోంది. పిచ్చుక ఫోన్ పెట్టెయ్యలేదు. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, సీసాలు ఒక్కొక్కటే తీసి చీటీలు అంటిస్తూ ఉండిపోయింది.