టేపుకు లొంగని ఇల్లు

ప్రతి ఆదివారం దర్జీ అక్క పొద్దున్నే ఇల్లు కడిగేది. పదింటికి బ్రోకరు ఎవరో ఒకరిని వెంటబెట్టుకొచ్చేవాడు. పదిన్నరకల్లా వాళ్ళు ఎదురుగా కట్టిన కొత్త ఫ్లాట్లు చూడ్డానికి వెళ్ళిపోయేవారు. అక్కడ లిఫ్టుంది, మెరిసే వంటగదుంది. ఇక్కడున్నవల్లా మందపాటి గోడలూ, మొరాయించే తలుపులూ.

దానికి తోడు కొలతల తంటా ఒకటి. ఆ ఇంట్లోంచి ఎవరైనా ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోతే వాళ్ళ గదీ వెళ్ళిపోతుంది. నాన్నతో ముందుగది పోయింది, అమ్మతో పెరటిగది పోయింది. గోడలు దగ్గరికి జరిగి సర్దుకున్నాయి. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పన్ను గుమాస్తా ప్రతిసారీ కొత్త అంకె రాసుకుని పోయేవాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పన్నెండేళ్ళ కిందట చెల్లెలు పెట్టె సర్దుకుంటుంటే అక్క నోరు జారింది. "పోతే పో. మళ్ళీ నీ మొహం చూపించకు!" సాయంత్రానికి చెల్లెలి గది లేదు. ఆ గోడకే మిషను ఆనించి అక్క ఇన్నేళ్ళూ కుట్టింది, తనను తాను తిట్టుకోని రోజు లేకుండా. ఒక్కతే ఉండలేక చివరికి ఇల్లు అమ్మకానికి పెట్టింది.

ఎట్టకేలకు ఒక బ్యాంకు ఉద్యోగి ఒప్పుకున్నాడు. సంతకాల రోజు బ్రోకరు ఆఖరిసారి టేపు పరిచి తల గోక్కున్నాడు.

"అక్కా, నూట ఇరవై చదరపు అడుగులు పెరిగిందే!"

మిషను పక్కకు జరిగి ఉంది. దాని వెనక తలుపు. లోపల నీలం గోడలు, కిటికీ చువ్వకు వేలాడుతున్న జడ రిబ్బను.

బ్యాంకాయన ముఖం వెలిగింది. "ఇది కూడా అదే ధరలోనేనా?"

"అడుక్కింత అనుకున్నాం కదా సార్," అన్నాడు బ్రోకరు.

అక్క వినడం లేదు. పోయిన గది తిరిగి రావడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. అంటే ఎక్కడో చెల్లి మనసు ఇటు తిరిగింది. వచ్చి తలుపు కొడితే తీయాల్సింది ఈ బ్యాంకాయనా?

కలం కింద పెట్టేసింది. "ఏమనుకోకండి బాబూ. ఇల్లు అమ్మను."

"ఇలాంటి బేరం మళ్ళీ రాదక్కా!"

"రాకపోనీ. అది మా చెల్లి గది. అమ్మడానికి నాదా?"

వాళ్ళు రోడ్డు దాటి కొత్త ఫ్లాట్ల వైపు వెళ్ళారు. అక్క కుట్టు కొలతల పుస్తకం తీసింది. చివరి పేజీలో ఎన్నోసార్లు చూసుకుని, ఒక్కసారీ నొక్కని నెంబరుంది. ఇవాళ నొక్కింది.

"నేనే," అంది.

అవతలి నుంచి చెల్లెలి గొంతు సన్నగా, "అక్కా... నేనే చేద్దామనుకుంటున్నా. వారం నుంచీ ధైర్యం చాలట్లేదు."

"తెలుసే," అంది అక్క, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "నీ గది వచ్చేసింది. నువ్వెప్పుడొస్తావు?"