ఎర్ర కాగితం లోపల

ఒకటో తరగతి టీచరుకు ముచ్చటైన వస్తువులంటే మహా పిచ్చి. లెక్కలు చెప్పడానికి ఐస్‌క్రీమ్ పుల్లలు పోగేసింది, బాగానే ఉంది. వాటిని పదేసి చొప్పున కట్టలు కట్టింది, అదీ బాగానే ఉంది. అక్కడితో ఊరుకోవచ్చు కదా! ప్రతి కట్టకూ ఎర్ర కాగితం చుట్టి, రెండు కొసలూ లోపలికి మడిచి జిగురంటించింది. తోటి టీచర్లు "అబ్బ, ఎంత బాగున్నాయో" అంటే ఉబ్బితబ్బిబ్బయింది.

ఆ తరగతిలో కవలలున్నారు. పెద్దది ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పేస్తుంది, అందుకని దాన్ని టపాకాయ అంటారు. చెల్లెలు ఏదైనా ఒకటికి రెండుసార్లు చూసుకుంటేగానీ నోరు విప్పదు. దాని పేరు నిదానం. ఇద్దరికీ బడిలో ఒకటే బల్ల, ఇంట్లో ఒకటే దుప్పటి.

ఇప్పుడు ఆ ఇద్దర్నీ విడదీసే పరిస్థితి వచ్చిపడింది. రెండంకెల సంఖ్యల్లో ఏది పెద్దదో నిదానానికి ఎంత చెప్పినా తలకెక్కడం లేదు. నలభై ఒకటీ ముప్పై తొమ్మిదీ పక్కపక్కన పెడితే ముప్పై తొమ్మిదే పెద్దదంటుంది. టీచరు బుజ్జగించింది, బతిమాలింది, ఓసారి కసిరింది కూడా. ఆ పిల్ల పట్టిన పట్టు వదల్లేదు. చివరికి హెడ్ టీచర్ తనే వచ్చి చూస్తానంది. ఇవాళ కూడా తప్పు చెబితే రేపట్నుంచి చెల్లెలు కింది తరగతిలో కూర్చోవాలి. ఆ మాట ఎలా చెవిన పడిందో గానీ, అక్కాచెల్లెళ్లు పొద్దుట్నుంచీ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. 

హెడ్ టీచర్ వచ్చి కుర్చీలో కూర్చుంది. చాప మీద ఒకవైపు ఆ ఎర్ర కాగితం గొట్టాలు నాలుగు, ఒక విడి పుల్ల. రెండోవైపు మూడు గొట్టాలు, తొమ్మిది విడి పుల్లలు.

"ఎటువైపు ఎక్కువున్నాయమ్మా?"

"ముందంకె చూడవే! నాలుగు పెద్దదా, మూడు పెద్దదా?" అంది టపాకాయ ఉండబట్టలేక.

"నువ్వు కాస్త ఉండమ్మా," అంది హెడ్ టీచర్.

నిదానం వేలు పెట్టి ఇటు లెక్కపెట్టింది, అటు లెక్కపెట్టింది. విడి పుల్లలు ఎక్కువున్న వైపే చూపించింది.

హెడ్ టీచర్ నిట్టూర్చి లేవబోయింది. "ఇందులో మీ తప్పేం లేదు టీచర్. ఇంక రేపట్నుంచి..."

"ఐదు కంటే పన్నెండు ఎక్కువ కాదా?" అంది నిదానం ఏడుపు దిగమింగుకుంటూ.

టీచరు ఉలిక్కిపడింది. ఐదేమిటి, పన్నెండేమిటి? చాప వంక చూసింది. నాలుగు గొట్టాలు, ఒక పుల్ల, మొత్తం ఐదు. మూడు గొట్టాలు, తొమ్మిది పుల్లలు, మొత్తం పన్నెండు. పిల్ల ఒక్కటి కూడా తప్పు లెక్కపెట్టలేదు.

"ఈ గొట్టం ఏంటనుకున్నావు తల్లీ?" అంది టీచరు.

"ఎర్ర కర్ర. దాని పేరు పది."

టీచరుకు తల కొట్టేసినట్టయింది. కట్టలన్నీ ఇంటి దగ్గరే కట్టుకొచ్చింది. పిల్లల చేత ఒక్కటీ కట్టించలేదు, ఒక్కటీ విప్పించలేదు. కాగితం నలుగుతుందని ముట్టుకోనివ్వలేదు కూడా!

"చింపెయ్," అంది. "ఏం పర్లేదు, చింపెయ్."

నిదానం నమ్మలేనట్టు చూసి, కొసను గోటితో గీరి, పర్రున చింపింది. పుల్లలు గలగలా చాప మీద పడ్డాయి. ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పది!

"లోపల ఇంతమంది ఉన్నారా!"

రెండోది చింపింది. మూడోది చింపింది. నాలుగోది చింపేసరికి చాప ఆ వైపంతా నిండిపోయింది. పిల్లలంతా బల్లలు దిగి చుట్టూ మూగారు. 

రెండోవైపు గొట్టాల్ని మాత్రం నిదానం ముట్టుకోలేదు. వాటి పక్కనున్న విడి పుల్లల్నే చాలాసేపు చూసింది. "పాపం, ఈ తొమ్మిదీ ఎప్పటికీ గెలవలేవు టీచర్," అంది.

"ఎందుకని?" అంది హెడ్ టీచర్.

"అటు ఒక కర్ర ఎక్కువుంది కదా. దాంట్లో పదిమంది. ఇక్కడ ఇంకొకటి వచ్చిందనుకోండి, ఇవి కూడా పదైపోయి కాగితంలోకి వెళ్లిపోతాయి. బయట మహా అయితే తొమ్మిదే ఉంటాయి, అంతకంటే ఉండవు."

ముందంకె చూడండి, ముందంకె చూడండి అని టీచరు ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. అదొక్కటీ చూస్తే ఎందుకు సరిపోతుందో ఏనాడూ చెప్పలేదు. ఆరేళ్ల పిల్ల తన కళ్లముందే, ఎవరూ చెప్పకుండా, దాన్ని పట్టేసుకుంది. ఆ క్షణంలో గట్టిగా ఊపిరి తీయడానికి కూడా ఆవిడకు భయమేసింది.

హెడ్ టీచర్ లేచి బోర్డు మీద అరవై రెండు, యాభై తొమ్మిది రాసింది. నిదానం అలవాటుగా రెండుసార్లు చూసి, "అరవై రెండు," అంది.

"ఇక్కడ కర్రలేమీ లేవుగా?"

"ఉన్నాయి. ఆ ఆరులో ఉన్నాయి."

హెడ్ టీచర్ తను రాసిన ఆరు వంక మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

అంతలో టపాకాయ బావురుమంది. "నాక్కూడా తెలీదు! నేనూ కర్రే అనుకున్నా. ముందంకె చూడమన్నారని చూశానంతే. ఇప్పుడు నన్ను పంపించేస్తారా?"

"ఎవరూ ఎక్కడికీ వెళ్లరమ్మా," అంటూ హెడ్ టీచర్ కుర్చీ వైపు పోకుండా చాప మీదే చతికిలబడింది.

నిదానం రెండోవైపు నుంచి ఒక గొట్టం తీసి అక్క చేతిలో పెట్టింది.

"ఏడవకే," అంది. "చింపి చూడు. లోపల ఉంటారు."