లారీల మాస్టారి ఉత్తరం

ఆరిన బట్టలు మడతపెడుతూ, కిటికీ గట్టుకి ఆనించిన ఫోనులో ఆమె ఉత్తరం చదువుతోంది. అవి న్యూస్‌లెటర్లు. ఆమె మాత్రం ఉత్తరాలనే అంటుంది. గడ్డుకాలం రాబోతోందని ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసే ఆమెకి ఏడాది కిందటే అనుమానం వచ్చింది. డబ్బుల్లేక ఆపరేషన్ వాయిదా వేసుకున్నవాళ్ల ఫైళ్లు బల్ల మీద గుట్టపడుతుంటే ఎవరికి మాత్రం రాదూ! ఇంట్లో ఆ మాటంటే నవ్వారు. "లోకం సంగతి మగాళ్లు చూసుకుంటార్లే, నువ్వు ముందు ఆ పాలు చూడు," అంది అత్తగారు. భర్తయితే 'మా ఆర్థికమంత్రి' అని పేరు పెట్టాడు. ఇంటికెవరొచ్చినా, "ఉండండి, మంత్రిగారు టీ తెస్తారు," అనేవాడు. ఆమె తెచ్చేది కూడా.

అడిగితే చెప్పేవాళ్లు లేనప్పుడు వెతుక్కోక తప్పుతుందా? ఇరవై మూడు ఉత్తరాలు తెప్పించుకుంది. భర్త ఫ్యాక్టరీ నుంచి తెచ్చే చిత్తుకాగితాల వెనక, ఎవరు ఏం జరుగుతుందన్నారో తారీఖు వేసి రాసుకుంది. మూడు నెలలాగి సరిచూసింది. హడలగొట్టి బంగారం కొనమన్నవాళ్లని కొట్టేసింది. అంతా బ్రహ్మాండం అన్నవాళ్లనీ కొట్టేసింది. చివరికి మిగిలింది ఒక్కడు, ఫ్యాక్టరీల రోడ్డు పక్కనే ఇల్లున్న రిటైర్డు లెక్కల టీచరు. రోజూ వరండాలో కూర్చుని ఏ గేటు నుంచి ఎన్ని లారీలు వెళ్లాయో రాస్తాడు. ఆమె అతన్ని లారీల మాస్టారంటుంది. ప్రతి ఉత్తరమూ కిందటి వారం తాను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాడు. ఆ ఇంటికొచ్చిన పదిహేనేళ్లలో, తప్పు నాదే అన్న మగవాణ్ణి ఆమె చూడటం అదే మొదలు. చేతిలో రెండో పని ఉండాలన్న ఆ మాస్టారి మాట మీదే, ఆసుపత్రిలో భోజనాల వేళ కూర్చుని బిల్లింగు పని కూడా నేర్చుకుంది.

ఈ వారం ఉత్తరం చిన్నది. "ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ నుంచి రోజుకి తొమ్మిది లారీలని రాశాను, పొరపాటు. ఆరే. ఈ వారం ఒక్కటీ కదల్లేదు. క్యాంటీన్‌కి పాలబండి కూడా మానేసింది."

భర్త స్టోర్స్ సూపర్‌వైజరుగా ఉన్నది ఆ ఫ్యాక్టరీలోనే.

చేతిలో చొక్కా ఇంకా మడత పడలేదు, అతను వచ్చేశాడు. ఎప్పుడూ లేనిది ఎండ ఉండగానే. బట్టల మీద ఒక కాగితం పడేశాడు.

"నీ రాజీనామా. ఇది చూసి నీ చేత్తో రాసి రేపిచ్చెయ్. అమ్మకి ఒంట్లో బాగుండట్లేదు కదా, ఇంట్లో మనిషుండాలి."

"మీ ఫ్యాక్టరీ నుంచి లారీలు కదలట్లేదటగా?"

"ఎవడు చెప్పాడు? నీ ఉత్తరాలా? నా ఉద్యోగానికేం ఢోకా లేదు. నోర్మూసుకుని రాయి."

కాగితం అందుకుని ఆమె అలవాటుగా వెనక్కి తిప్పింది. అతనూ అలవాటుగా చిత్తుకాగితం మీదే అచ్చు తీశాడు మరి. అటు పక్కన స్టోర్స్ విభాగం వచ్చే నెలాఖరుకి మూసేస్తున్నామన్న నోటీసు ఉంది. అందుకున్నట్టు కింద అతని సంతకం. తారీఖు నలభై రోజుల కిందటిది.

"ఏమండీ, ఇది తెలిసే నన్ను మానెయ్యమంటున్నారా?"

అతను కాగితం చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"నేను ఇంట్లో కూర్చుని నువ్వు ఉద్యోగానికెళ్తే, నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆమె ఒళ్లు మండిపోయింది. ఇల్లు గడవకపోయినా ఫరవాలేదు, ఆమె వల్ల మాత్రం గడవకూడదు! నలభై రోజులు పక్కనే పడుకుని, ఆమె పెట్టిందే తిని, ఈ ఆలోచన చేశాడు. లారీల మాస్టారికి కూడా కనపడనిది ఇది. ఆమెకి అతన్ని చూస్తే భయమేసింది.

పెన్ను తీసింది. రాజీనామాకే కూర్చుందనుకుని అతను ఊపిరి పీల్చుకున్నాడు. నోటీసు కింద మిగిలిన ఖాళీలో ఆమె గబగబా నాలుగు వరసలు రాసి, కాగితం అతని ఒళ్లో పెట్టింది.

"అత్తయ్య మందులు, వేసే వేళలు. రేపట్నుంచి నేను రికార్డులూ బిల్లింగూ రెండు డ్యూటీలు చేస్తాను. మీరన్నట్టే, ఇంట్లో మనిషుండాలి కదా."