తప్పాయ సామీ

ఈరప్ప నోట ఎప్పుడూ నలిగే మాట ఒక్కటే: "తప్పాయ సామీ." దారిలో ఎవరికైనా భుజం తగిలితే తప్పాయ సామీ. చిల్లర లేదని బస్సు కండక్టరు కసిరితే తప్పాయ సామీ. చీకట్లో గొర్రెపిల్ల కాలు తొక్కినా ఆ మాటే, పైగా రెండు లెంపలూ వేసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్య ఉలిగమ్మ పడీపడీ నవ్వేది.

"గొర్రెకు గూడా సామీనా?"

"నొప్పి దానిది గదమ్మే" అనేవాడు ఈరప్ప.

లేపాక్షికి అవతల, కన్నడ సీమ అంచున వాళ్ళ పల్లె. ఆ పల్లెలో ఈ మాటకు విలువుండేది. తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఆపైన ఒక్క మాట అనకూడదని కట్టుబాటు. చెడిందాన్ని బాగు చేసేదెట్లా అన్న ఆలోచన మాత్రం మిగిలేది. అందుకే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోవడానికి జంకేవాళ్ళు కాదు.

తొంభై ఏడో సంవత్సరం, వేరుశనగ ఊడలు దిగే కాలం. గొర్రెలు మేపుతున్న ఈరప్ప జ్వరంతో గట్టు నీడన కునుకు తీశాడు. కళ్ళు తెరిచేసరికి మంద మొత్తం శ్రీనివాసులు చేలో ఉంది. సగం చేను మోడైపోయింది. శ్రీనివాసులు వచ్చి చూశాడు, ఒళ్ళు మండింది, అదే మంట మీద సైకిలెక్కి నేరుగా పోలీసు స్టేషనుకు పోయి కాగితం రాసిచ్చాడు. రైతుకు కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? ఆ కోపాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

సాయంత్రం ఫకీర్ సాబ్ వచ్చి చేని గట్టు మీద కూర్చున్నాడు. ఊళ్ళో హిందువులకైనా ముస్లిములకైనా తగాదా వస్తే తెగ్గొట్టే పెద్దమనిషి ఆయనే. ఈరప్ప ముందే లెంపలు వేసుకుని నిలబడ్డాడు.

"ఒప్పుకునె. ఇంగ అరిచి లాభం ల్యా" అన్నాడు ఫకీర్ సాబ్. "పంట పీకినాంక, మళ్ళీ విత్తనం పడేదాకా ఈరప్ప మంద శీనివాసులు చేన్లోనే పండుకోవల్ల. కూలి అడగకూడదు. సరేనా అప్పా?"

శ్రీనివాసులు ముఖం విప్పారింది. గొర్రెల మంద రాత్రిళ్ళు పడుకున్న చేను, ఆ పెంటికల ఎరువుతో రెండేళ్ళు విరగకాస్తుంది. తమ చేలో మంద కట్టమని రైతులు గొర్రెలవాళ్ళను బతిమాలుకుంటారు. "సరేబ్బా" అని అక్కడికక్కడే ఈరప్పకు బీడీ ఇచ్చాడు. ఇద్దరూ ఒకే అగ్గిపుల్లతో వెలిగించుకున్నారు.

ఆ బీడీలతో ఇది ముగిసిపోయి ఉండాలి. నలుగురు మనుషులు గట్టు మీద కూర్చుని, ఊరు దాటకుండా, ఎవరి అన్నమూ చెడకుండా తీర్చిన వ్యవహారం. కానీ కాగితం అప్పటికే స్టేషన్లో పడింది.

మర్నాడు కానిస్టేబులు వచ్చాడు. శ్రీనివాసులే ఎదురుపోయి, "మాకు మాకు తీరిపాయ సార్" అన్నాడు.

"తీర్చేదానికి మీరెవరయ్యా?" అని కానిస్టేబులు మందలోకి దిగి, అన్నిటికంటే బలిసిన పొట్టేలును పట్టుకున్నాడు. సాక్ష్యం కింద స్టేషనుకు తోలుకుపోవాలన్నాడు. ఆ సాక్ష్యం ఎవరి కడుపులోకి పోతుందో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఈరప్ప సాగిలపడి అతని కాళ్ళు రెండూ పట్టుకున్నాడు. "తప్పాయ సామీ, పొట్టేలును ఇడ్సు సామీ!" కానిస్టేబులు విదిలించుకుని వెనక్కి అడుగేశాడు. బూటు కింద గొర్రె పెంటికలు జారాయి. ఆయనగారు వెల్లకిలా పడ్డాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే ఈరప్ప కొంప ముంచింది.

గొర్రెలు మేసిన కేసు ఆ రోజుతో ఎక్కడికి పోయిందో మాయమైపోయింది. దాని స్థానంలో ఇంకోటి పుట్టింది: విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని కాళ్ళు పట్టి లాగి కింద పడవేశాడట! దండం పెట్టడానికీ దాడి చేయడానికీ తేడా తెలియని రాత. ఈరప్పను తీసుకుపోయి సబ్‌జైల్లో పెట్టారు. అది ఏ ఊళ్ళో అంటే చెప్పను. చెబితే ఆ ఒక్క ఊరిదే తప్పనుకుంటారు.

ఉలిగమ్మ ఫకీర్ సాబ్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"శీనివాసులు చేన్లో అయితే మంద కట్టొచ్చు తల్లీ. గవర్నమెంటుకు యాడ కట్టేది?"

కోర్టు రోజున ఉలిగమ్మ తువ్వాలు, చెప్పులు తీసుకుని పోయి వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఈరప్ప పక్కన వకీలు లేడు. మేజిస్ట్రేటు ముందు కాగితాల కట్టలు పేరుకుని ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం లోపు అన్నీ తెమలాలి. ఆయన గబగబా ఏదో చదివి, తలెత్తి గట్టిగా అడిగాడు.

"నేరం ఒప్పుకుంటావా?"

ఎత్తు కుర్చీలో ఒక పెద్దమనిషి తనమీద గొంతు పెంచాడు. ఈరప్పకు అర్థమైంది అంతే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలాంటప్పుడు ఏం చేయాలో అతనికి తెలుసు. చేతులు జోడించి, లెంపలు వేసుకుని, "తప్పాయ సామీ" అన్నాడు.

ఉలిగమ్మ గుండె బరువు దిగింది. హమ్మయ్య, ఒప్పుకున్నాడు, ఇంక పంపిస్తారు అనుకుంది. మేజిస్ట్రేటు తలొంచుకుని రాసుకుంటున్నది చూస్తూనే బయటికి వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర జోడుగా పెట్టి, తువ్వాలు దులిపి పట్టుకుని ఎదురుచూసింది. ఈరప్ప వచ్చాడు, అటూ ఇటూ పోలీసులతో. చెప్పులు దాటుకుని వ్యాను వైపు నడిపించారు.

"ఏమప్పా, యాడికి పిల్సకపోతాండారు? ఒప్పుకునె గదా!"

"ఒప్పుకున్నాడు కాబట్టే మూడు నెలలు" అన్నాడు పోలీసు.

ఫకీర్ సాబ్ ఆమెను హిందూపురంలో ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ వకీలు మంచివాడే. అంతా విని తల పట్టుకున్నాడు. మొదటిసారి చిన్న తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపకుండా, మంచి నడత మీద ఇంటికి పంపించే చట్టం ఒకటి ఎప్పటి నుంచో ఉందన్నాడు. ఒక అధికారి అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతాడు, అంతే.

"మరి పంపలేదేమి?"

"అడిగినవాళ్ళు లేరమ్మా."

"అడగల్లని మాకెవురు చెప్పినారు సామీ?" అంది ఉలిగమ్మ. పై కోర్టుకు పోతే వంతు వచ్చేసరికి ఆ మూడు నెలలూ అయిపోతాయన్నాడు వకీలు.

చట్టం బీరువాలో ఉంది, మనిషి జైల్లో ఉన్నాడు. ఎవరిని నిలదీయాలి?

ఆమె చూడటానికి పోయినప్పుడల్లా ఈరప్ప కొంచెం కొంచెం తరిగిపోతూ కనిపించాడు. గదిలో జనం కిక్కిరిసి వంతులేసుకుని పడుకుంటున్నారట. ఒళ్ళంతా గజ్జి. ఆకాశం కింద తప్ప నిద్రపోని మనిషి. అతని పక్కనున్నది సైకిలు దొంగిలించాడన్న కుర్రవాడు, జామీను ఇచ్చే దిక్కులేక విచారణ కోసమే ఏళ్ళ తరబడి పడివున్న ముసలాయన. దిక్కున్నవాళ్ళు మొదటి రోజే ఇంటికి పోయారు. మొదట్లో వార్డరు కేకేస్తే ఈరప్ప అలవాటుగా "తప్పాయ సామీ" అనేవాడు. ఒప్పుకున్నాడు గదా అని వేరేవాళ్ళు చెడగొట్టిన పనికి దెబ్బలు కూడా ఇతనికే పడేవి. పక్కవాళ్ళే జాలిపడి బుద్ధి చెప్పారు: ఇక్కడ ఏమడిగినా నాకు తెలియదు అనాలి.

ఇంటి దగ్గర వానలు పట్టాయి. మందకు మూతులు వాచే రోగం తగిలింది. ఉలిగమ్మకు మోకాళ్ళ నొప్పి. ధర్మవరం నుంచి కూతురు పవిత్ర మగ్గం ఆపుకుని వచ్చింది గానీ, పట్టు నేసే చేతులకు గొర్రెల వైద్యం ఎట్లా తెలుస్తుంది? పోయినవి పోగా మిగిలినవాటిని సంతలో ఇచ్చేశారు. ఆ రోజు శ్రీనివాసులు వాకిట్లో నిలబడి గొడ్డులా అరిచాడు.

"నా శెనిగా పాయ, నాకు రావల్సిన మందా పాయ! వాన్ని లోపలేసి గవర్నమెంటు నాకేమిచ్చె? నేనడిగితినా?"

చలికాలంలో ఈరప్పను వదిలారు. ఉలిగమ్మ పోయి తీసుకొచ్చింది. పెనుకొండలో మారిన బస్సు జనంతో నిండి ఉంది. డ్రైవరు బ్రేకు వేయగానే ఈరప్ప తూలి ఒక ముసలమ్మ కాలు తొక్కాడు. ముసలమ్మ అబ్బా అంది. ఉలిగమ్మ ఆ మాట కోసం ఎదురుచూసింది.

ఈరప్ప చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నేను గాదు. నేను తొక్కలే. నాకేం తెల్దు."

"నీ కాలు నా కాలి మీదనే ఉండాది గదప్పా!" అంది ముసలమ్మ తెల్లబోయి.

"నేను గాదు."

ఉలిగమ్మే వంగి, "తప్పాయవ్వా" అంది. గొర్రెపిల్లకు దండం పెట్టిన మనిషికి, అన్నం పెట్టి మరీ అబద్ధం నేర్పి పంపారు.

ఊళ్ళో బస్సు దిగేసరికి శ్రీనివాసులు ఎదురుగా ఉన్నాడు. పొద్దున్నుంచీ అక్కడే కాచుకుని ఉన్నట్టుంది. ఈరప్పను చూడగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆ పొద్దు కోపంలో స్టేషనుకు పోయినా. నాదే తప్పాయ..."

ఈరప్ప ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. గజ్జి పుండ్ల చేతిని శ్రీనివాసులు నోటికి గట్టిగా అడ్డం పెట్టాడు.

"ఆ మాట అనొద్దబ్బా" అన్నాడు గుసగుసగా. "ఎవురన్నా ఇంటే లోపలేస్తారు."