ఈగలు వాలేదాకా

గేదెపడ్డ కళేబరాన్ని బండిలోంచి బండమీదికి లాగి, యోబు తలగుడ్డ విప్పుకొని పక్కనే కూర్చున్నాడు. తోలు ఒలవలేదు. ముందు ఈగలు వాలాలి. జమ్మలమడుగు ఊరిబయటికి ముప్పైయేళ్లుగా చచ్చిన గొడ్లను లాగే పంచాయతీ మనిషి ఇట్లా గొడ్డు ముందు తీరిగ్గా కూర్చోవడం ఊరికి నవ్వులాట. వాళ్ల నవ్వుతో అతనికి పనిలేదు.

రెండేళ్ల కిందట, పంతొమ్మిదివందల అరవై రెండులో, ఈ కూర్చోవడం లేదు. తోలు ఒలిచి, గుండెకాయ కోసి బండమీద పెట్టి, పక్కకు తప్పుకోవడమే. రాబందుల వాటా తీయనిదే యోబు తాత కత్తి కడిగేవాడు కాదట. అలాగే ఒకనాడు ఎండ్రిన్ పురుగుమందు కొట్టిన చేను మేసి చచ్చిన ఎద్దును తెలియక ఒలిచి పెట్టాడు. తెల్లారి చూస్తే పదకొండు రాబందులు రెక్కలు పరుచుకుని పడి ఉన్నాయి. పెట్టిన చెయ్యి తనదే. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు. పూడ్చడానికి ఎత్తినప్పుడు, ఇంత పక్షి ఇంత తేలికా అని మాత్రం ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు గండికోట లోయలో ఒక్క జంట మిగిలింది. దానికి ఈ ఏడు ఒక పిల్ల.

ఆ పిల్లను యోబు చూడలేదు. ఆ వైపు మేకలు మేపే మక్బూల్ పొద్దున కబురు తెచ్చాడు.

"రెక్కలు ఇదిలించుకుంటా అంచుకొచ్చి నిలబడతాండాది మామా. రేపో మాపో ఎగురుతాది."

"మెడమీద నూగు రాలిందా?"

"అంత దగ్గరికి ఎవడు పోతాడు?"

"సరిగా చూసి రాకూడదా అప్పా," అన్నాడు యోబు. నిజంగానే నొచ్చుకున్నాడు.

ఈగలు వాలాయి. గేదెపడ్డ మూతి చుట్టూ ముసిరాయి. కాసేపటికి ఒకటి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది. దాని వెనకే మరో మూడు. యోబు తలెత్తి, తోలు కోసం పక్కనే కాచుకుని ఉన్న గేదెపడ్డ యజమానురాలు మస్తానమ్మ వైపు చూశాడు.

"దిష్టి తగిలిందంటివే."

"మందు కొట్టిన పత్తిచేన్లో పడి మేసిందప్పా. చెప్తే ఆ చేనాయన కొట్లాటకొస్తాడని." ఆమె కొంగు సవరించుకుంది. "తోలన్నా ఒలిచియ్యి. మాంసం గద్దలు తింటే నీకేంది?"

"గూట్లో పిల్ల నోట్లో అవి పెట్టేది ఇదేగదమ్మా."

ఆమె గొణుక్కుంటూ వెళ్లిపోయింది. యోబు గడ్డపార అందుకున్నాడు. గట్టినేల. చలికాలం నుంచి ఎడమవైపు రొమ్ము పట్టేస్తోంది. పైన జంట గిరికీలు కొడుతుంటే తలగుడ్డ ఊపి, "ఈడేం లేదు, పోండి," అని అదిలించాడు. పొద్దు వాలేసరికి పడ్డను గోతిలోకి దొర్లించి, మట్టి కప్పి, పైన ముళ్లకంప వేసి గడ్డపార గుచ్చాడు. బండిచక్రానికి ఆనుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు.

మనసు ఆగక మజ్జిగ చెంబుతో తిరిగొచ్చిన మస్తానమ్మ రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేక అక్కడే కూలబడి ఏడ్చింది.

వారం తర్వాత మక్బూల్ పరుగున వచ్చాడు. గూడు ఖాళీ, లోయమీద మూడు తిరుగుతున్నాయి. సంగతి వినవలసిన మనిషి లేడు. కాళ్లు మక్బూల్‌ని బండ దగ్గరికే తీసుకుపోయాయి. గొడ్లు పూడ్చినవాడి పనిముట్టని ఎవరూ ముట్టని గడ్డపార గోతిమీద అలాగే నిలబడి ఉంది. దాని కొసన కొత్తగా ఆరిన తెల్లటి రెట్ట, అందులో అంటుకుని గాలికి కదులుతున్న చిటికెడు నూగు.