చల్లారకముందు కొలిచిన షాఫ్టు

మెకానికల్ ఇంజనీర్లంటే నాకు గౌరవం లేదు. ఇరవై ఆరేళ్లుగా లేత్ మీద పనిచేస్తున్న టర్నర్‌ని. పంపులకు షాఫ్టులు, అంటే లోపల తిరిగే ఇనుప కడ్డీలు, లేత్ మీద తిప్పుతూ కొలతకు చెక్కడం నా పని. నా కళ్ల ముందే పదకొండు మంది పట్టాలు పుచ్చుకుని మా మిషన్ షాపుకొచ్చారు. ఒక్కడికీ ఇనుము ముట్టుకుంటే ఏం చెబుతుందో తెలియదు. నాలుగేళ్లు చదివి, అమ్మానాన్నల చేత ఇంటి మీద అప్పు చేయించి, చివరికి మా హాజరు పట్టీలు నింపే ఉద్యోగంలో చేరతారు. మొదటి జీతం నా జీతంలో సగం ఉంటుంది. ఆ సగం జీతానికే జేబులో మూడు పెన్నులు పెట్టుకుని, నేనేదో వాళ్లింటికి పిలవని పేరంటానికి వచ్చినట్టు చూస్తారు.

అందుకే మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాను.

“అన్నయ్యా, నీ మేనకోడలు మెకానికలే చదువుతానని మొండికేసింది. సోమవారంలోగా సీటు ఖాయం చేసుకోవాలట. ఇల్లు తాకట్టు పెట్టడం నాకూ ఆయనకూ ఇష్టంలేదు. అకౌంట్స్ కోర్సులో ఫీజు లేకుండా సీటొచ్చింది, అది చదువుకోవచ్చు కదా. నా మాట చెవిన పెట్టదు. నువ్వు చెబితే వింటుంది.”

“చెప్పడమెందుకే, చూపిస్తాను. శనివారం షాపుకి పంపు” అన్నాను.

శనివారం పిల్ల వచ్చింది. చేతిలో కాలేజీ వాళ్ల రంగురంగుల పుస్తకం. అట్ట మీద ఒకమ్మాయి హెల్మెట్ పెట్టుకుని నవ్వుతూ ఆకాశంలోకి వేలు చూపిస్తోంది. మెకానికల్ వాళ్లకు ఆకాశంలో ఏం పనో నాకర్థం కాలేదు. లోపల తిరగేస్తే లేత్ ముందు నిలబడిన కుర్రాళ్ల ఫొటో ఉంది. లేత్ కింద ట్రేలో చెక్కితే రాలే ఇనుప చుట్ట ఒక్కటీ లేదు, ఒక్క నూనె చుక్క లేదు. కొన్నప్పటినుంచీ దాన్ని తిప్పిన పాపాన పోలేదని చూడగానే తెలిసిపోతోంది.

“ఇదీ మీ కాలేజీ. పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు మిషన్ని” అన్నాను. పిల్ల నవ్వి, “తెలుసు మావయ్యా. కాలేజీలో నేర్పరని నేనూ అనుకున్నాను” అంది. ఆ మాట నేను పట్టించుకోలేదు. అసలు వేడుక ముందుంది కదా.

ఆ వేడుక ఏమిటో చెబుతాను. కొత్త ఇంజనీరు వచ్చిన నెలలోపు ప్రతివాడికీ నేను పెట్టే పరీక్ష అది. షాఫ్టు తిప్పుతున్నంతసేపూ ఇనుము వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బేది వెంట్రుక మందంలో మూడోవంతే, కానీ బేరింగు బిగుతుగా కూర్చోవాలంటే ఆ మూడోవంతే ముఖ్యం. చల్లారాక సరైన కొలతకొచ్చేలా చెక్కి, ఇంకా వేడిగా ఉండగానే ఇంజనీర్ని పిలుస్తాను. వాడు కొలుస్తాడు. ఎక్కువుందంటాడు. ఇంకాస్త చెక్కి తీసేయమంటాడు. నేను నోరెత్తకుండా తీసేస్తాను. చల్లారాక షాఫ్టు సన్నబడి తుక్కులోకి పోతుంది. చెప్పింది సారు, చేసింది నేను.

అప్పటికి పన్నెండోవాడు వచ్చి మూడు వారాలు. పెన్నుల బాబు అని పేరు పెట్టాం. మేనకోడలిని పక్కన నిలబెట్టుకుని, సంగతంతా ముందే చెవిలో చెప్పి, కేక వేశాను.

“సార్, ఇంకా తీయమంటారా, ఆపేయమంటారా? కాస్త కొలిచి చెప్పండి.”

నా గొంతులో ఒలికిన వినయం వింటే రాయి కూడా కరిగేది. పెన్నుల బాబు పరుగున వచ్చాడు. మైక్రోమీటర్ తుడిచాడు. మూసి సున్నా సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు. షాఫ్టుని మూడుచోట్ల కొలిచాడు.

“కొంచెం ఎక్కువుంది మేస్త్రీ. ఇంకొక్కసారి తీయండి. సన్నగా, జాగ్రత్తగా.”

“చిత్తం సార్” అని తీశాను. చీటీ మీద సంతకం చేసి వెళ్లాడు. పక్క మిషన్ల వాళ్లు అప్పుడే మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు.

టీ తాగొచ్చేసరికి షాఫ్టు చల్లారింది. బేరింగు తొడిగితే వదులు గాజులా జారింది. షాపు మొత్తం పగలబడి నవ్వింది. మేనేజరు వచ్చి అందరి ముందూ పెన్నుల బాబుని దులిపేశాడు. “నాలుగేళ్లు ఏం వెలగబెట్టావయ్యా? మైక్రోమీటర్ పట్టుకోవడం కూడా రాదా?” అన్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

మేనేజరు వెళ్లాక వాడు చిన్న పుస్తకం తీసుకుని నా దగ్గరికొచ్చాడు.

“మేస్త్రీ, పొరపాటెక్కడ జరిగిందో మీకేమైనా తెలిసిందా? రాసుకుంటాను.”

“చదువుకున్నవాళ్లు మీరు. వేలిముద్రగాణ్ణి, నాకేం తెలుస్తుంది సార్?”

మళ్లీ నవ్వులు. నేను మేనకోడలి వైపు తిరిగి కన్నుగీటాను. చూశావా, మీ అమ్మ ఇల్లు తాకట్టు పెట్టి కొనబోయే సరుకు ఇదీ, అని. పిల్ల నవ్వలేదు.

బస్టాపుకి నడిచి వెళ్తుంటే అడిగింది.

“ఆయనకి ఎవరూ చెప్పరా మావయ్యా?”

“ఎవరు చెబుతారు? నాకూ ఎవరూ చెప్పలేదు. దెబ్బలు తిని నేర్చుకున్నాను.”

“ఇంతకుముందు వచ్చినవాళ్లు?”

“ఇద్దరు మానేశారు. ఒకడు స్టోర్ రూములో కూర్చుని ఏడ్చాడు. మిగతావాళ్లు కంప్యూటర్ల ముందుకి చేరి బతికిపోయారు. ఒక్కడంటే ఒక్కడికి పని రాలేదు.”

చెబుతుంటే నా మాట నాకే కాస్త రుచి తగ్గినట్టనిపించింది. అయినా ఆగలేదు. అలవాటు.

పిల్ల సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ఒకవైపు ఫీజు, అప్పు. ఒకవైపు జీతం, ఏళ్లు. తీరిగ్గా గీతలు కొట్టి రాసుకుంది.

“మొదట్లో జీతం పెద్దగా రాదని నాకు తెలుసు. కానీ మొదటి మూడేళ్లు షాపులో పని బాగా వంటబట్టించుకుంటే, తర్వాత డిజైన్లోకి వెళ్లొచ్చు. అప్పుడు ఆరేళ్లలో అప్పు తీరిపోతుంది. పని రాకపోతే పన్నెండేళ్లైనా తీరదు. అంతా ఆ మూడేళ్ల మీదే ఉంది.”

“ఆ మూడేళ్లలో ఎవరు నేర్పుతారే నీకు?”

“నీలాంటివాళ్లు నేర్పుతారనుకున్నాను” అంది.

బస్సొచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది. 

ఆదివారమంతా నాలో నేనే వాదించుకున్నాను. వాళ్లు రేపు నా మీద మేనేజర్లవుతారు కదా. నేను చచ్చేదాకా టర్నర్నే కదా. నేనెందుకు చెప్పాలి? ఈ వాదన ఇరవై ఆరేళ్లుగా నాకు అన్నమంత బలమిచ్చేది. ఆదివారం అది చప్పబడింది. పదకొండు మందికీ పని రాలేదని ఊరంతా చెప్పుకు తిరిగాను. రాకుండా చూసినవాళ్లలో మొదటివాణ్ణి నేనేనన్న సంగతి పద్దెనిమిదేళ్ల పిల్ల అరపూటలో కనిపెట్టింది.

సోమవారం మధ్యాహ్నం అన్నం మానేసి ఫోన్ చేశాను.

“ఏమే, సీటు ఖాయం చేశావా?”

“అకౌంట్స్‌లో చేరిపోయాను మావయ్యా. పొద్దున్నే.”

“ఎందుకే తొందర? ఇంకా టైముంది కదా, మార్చుకోవచ్చు. నేను నేర్పుతాను నీకు. ప్రతి ఆదివారం నా దగ్గరికి రా. నాకొచ్చిందంతా, ఒక్కటి దాచకుండా నేర్పుతాను. ఒట్టు.”



“నాకు నేర్పుతావని తెలుసు మావయ్యా. నేను నీ చెల్లెలి కూతుర్ని కదా. కానీ నేను ఉద్యోగానికి వెళ్లేచోట లేత్ దగ్గర నువ్వుండవు కదా. వేరేవాళ్లు ఉంటారు. నేను వాళ్లకేమీ కాను.”

 ఏం చెప్పను? వేరేవాళ్లు మంచివాళ్లని చెప్పనా? నాకెలా తెలుసు?

పిల్ల ఫోన్ వాళ్లమ్మకిచ్చింది. మా చెల్లెలు సంతోషం పట్టలేకపోతోంది.

“అన్నయ్యా, ఏం మంత్రం వేశావో కానీ, ఒక్కపూటలో మాన్పించేశావు. మెకానికల్ వాళ్ల సంగతి నీకంటే బాగా ఎవరికి తెలుసులే” అంది.